రెఫరీ జేబులో నెత్తురు

“ఆ బంతి వచ్చి బిడ్డ కంటికి తగిలితే ఏం చేసేది?” అని నేను పైకే అనేశాను.

అప్పటికింకా ఆట మొదలు కాలేదు. బంతి సంచిలోనే ఉంది. పిల్లలు బూట్ల లేసులు కట్టుకుంటున్నారు. అయినా నా కళ్ళ ముందు నా కూతురు కార్తీశ్వరి మదురై కంటాసుపత్రిలో కట్టుతో పడుకున్నట్టు, డాక్టరు తల అడ్డంగా ఊపుతూ బయటికి వచ్చినట్టు అంతా కనబడిపోయింది.

పక్క కుర్చీలో కూర్చున్న మా తమ్ముడు ముత్తుకృష్ణన్ నల్ల కళ్ళద్దాలు తీసి, ఊది, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

“అక్కా, నువ్వు కంటి గురించి దిగులు పడొద్దు. నా కన్ను ఉండాది. ఈ మైదానంలో చీమ తప్పు చేసినా ఈ కంటిని దాటిపోలేదు. నేరమనేది నన్ను చూసి దారి మార్చుకుంటాది.”

చీమ అన్నమాట ఊరికే రాలేదు. కోవిల్‌పట్టిలో అంగళ్ళకూ మిల్లులకూ సీసీ కెమెరాలు బిగించడం వాడి పని. ఊళ్ళోవాళ్ళ గోడలకు కన్నాలు వేసి వేసి, ఆ కన్నాల్లోంచి లోకమంతా తనకు కనబడుతోందని వాడికొక నమ్మకం ఏర్పడింది. పోయినేడు వేరుశెనగ పప్పుతో కడలమిఠాయి చేసే ఒక అంగట్లో బెల్లం తరిగిపోతోందని వీణ్ణి పిలిచారు. వీడు పనివాళ్ళను వరసగా నిలబెట్టి కళ్ళలోకి చూశాడు. ముసలి కాపలావాడి చెప్పుల కొలత తీసుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళను ఏడిపించాడు. ఇంతలో వీడు బిగించిన కెమెరా మేకు ఊడి బెల్లం మూట మీద పడి, ఆ మూటనే చూస్తూ ఉండిపోయింది. తరవాత చూస్తే మూటకు చిల్లు, చిల్లులోంచి గోడదాకా చీమల బారు. ఆ రోజునుంచి వాడి విజిటింగ్ కార్డులో పేరు కింద ‘డిటెక్టివ్’ అని చేరింది.

ఇంతకూ మేము చూడటానికి వచ్చిన ఆట పేరు గేలిక్ ఫుట్‌బాల్. మాది హాకీ ఊరు. వీధిలో నడవడం వచ్చిన ప్రతి బిడ్డ చేతిలోనూ కర్ర ఉంటుంది. అలాంటి ఊరికి ఈ ఆటను తెచ్చింది పాండియమ్మాళ్. ఐర్లండులో నర్సు పని చేస్తూ అక్కడి ఆడపిల్లలతో కలిసి ఆడి, ఊరికి తిరిగొచ్చి మా పిల్లల్ని పోగుచేసింది. ఫుట్‌బాలని పేరే గానీ చేత్తో పట్టుకుంటారు, పిడికిలితో గుద్దుతారు, కాలితో తంతారు, పరుగెత్తుతూ తమ కాలితో తమ చేతికే తన్నుకుంటారు. బంతి రెండు కంబాల మధ్య అడ్డపట్టీ పైనుంచి పోతే ఒక పాయింటు, కింద వలలో పడితే మూడు. వలకు అటూ ఇటూ తెల్లకోట్లు వేసుకుని ఇద్దరు నిలబడతారు. మొదటిసారి వాళ్ళను చూసి డాక్టర్లనుకుని, ఎవరికి ఏమైందోనని నేను మైదానం మధ్యదాకా పరుగెత్తాను. వాళ్ళు జెండాలు ఊపేవాళ్ళట.

ఈ ఆటకు మా వైపు ఉన్నవి రెండే జట్లు. ఒకటి మాది, ఇంకొకటి విరుదునగర్‌ది. అందుకని ప్రతి మ్యాచూ ఫైనలే.

పాండియమ్మాళ్ ఐర్లండునుంచి బంతులు తెచ్చింది, జెండాలు తెచ్చింది, రెఫరీ చూపించే కార్డులు మాత్రం తేలేదు. మా తమ్ముడు ఆ పని తనదన్నాడు. మా ఇంటాయన మగ్గాల కొట్టంలో, చీర అంచులో పూలు పడటానికి మగ్గం మీద వేలాడదీసే చిల్లుల అట్టలు పాతవి ఉంటే వాడు రెండు ముక్కలు కోశాడు. నూలుకు అద్దే రంగు గిన్నెల అడుగున మిగిలింది ఉంటే ఒకదాన్ని పసుపులో, ఒకదాన్ని ఎరుపులో ముంచి ఆరబెట్టాడు. మ్యాచ్ రోజు వాటిని రెఫరీకి అందిస్తూ, కోవిల్‌పట్టి తరఫున న్యాయదేవతకు కానుక అని ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాడు.

రెఫరీ జెయకుమార్ సారుది విరుదునగర్. బడిలో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. హాకీకి ఏళ్ళ తరబడి విజిలు ఊదాడు. ఇచ్చిన తీర్పును ఒక్కసారీ వెనక్కి తీసుకోలేదని ఆయనకు పేరు. కార్డు ఎత్తేటప్పుడు కార్డును చూడడు, తప్పు చేసిన పిల్ల కళ్ళలోకి చూస్తాడు. అదొక పద్ధతి ఆయనది.

ఆ ఆదివారం ఎండ నిప్పుల్లా కురిసింది. సగం ఆట విరామంలో సారు ఒక సీసా నీళ్ళు నెత్తి మీద గుమ్మరించుకుని తడి చొక్కాతోనే మళ్ళీ దిగాడు. ఆట ముగియబోతుండగా విరుదునగర్ పిల్ల ఇసక్కిసెల్వి బంతితో దూసుకొస్తుంటే మా కార్తీశ్వరి వెనకనుంచి ఆమె జెర్సీ పట్టుకు లాగింది. ఇద్దరూ కింద పడ్డారు. నేను రెండు అంబులెన్సులు కావాలని అరుస్తున్నాను. ఇద్దరూ లేచి మట్టి దులుపుకున్నారు. విజిలు మోగింది. సారు జేబులో చెయ్యి పెట్టి, మా బిడ్డ కళ్ళలోకి చూస్తూ కార్డు పైకెత్తాడు.

ఎరుపు.

జనమంతా ఒక్కసారి గోల చేశారు. సారు తల ఎత్తి తన చేతివైపు చూశాడు. చెయ్యి అలాగే ఉంచాడు. మా బిడ్డ మొహం నేలకు వేసుకుని బయటికి వచ్చేసింది.

పాండియమ్మాళ్ దగ్గరికి పోయి వాదించింది. ఆడపిల్లల ఆటలో జెర్సీ లాగితే పసుపు కార్డు, పది నిమిషాలు బయట నిలబడితే చాలు, కొడితేనో తంతేనో కదా ఎరుపు అని అడిగింది. సారు కార్డులను చూడకుండానే జేబురుమాలులో చుట్టి సంచిలో వేసుకుని, మోపెడ్ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఎర్ర కార్డంటే ఏమిటని నేను పాండియమ్మాళ్‌ను అడిగాను. పోలీసు కేసా అన్నాను. కాదంది. రేపు ఉద్యోగానికి పోతే బయటపడుతుందా అన్నాను. లేదంది. తరవాతి మ్యాచ్ ఆడకూడదు, అంతే అంది. ఆ అంతేలోనే ఉంది అంతా. తరవాతి మ్యాచ్ వచ్చే ఆదివారం విరుదునగర్‌లో. దాన్ని చూసి బెంగళూరు పోటీకి పిల్లల్ని ఏరడానికి చెన్నైనుంచి మనుషులు వస్తున్నారు. వాళ్ళు మళ్ళీ ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు. రెఫరీ తనంతట తాను తప్పు జరిగిందని చెబితే తప్ప శిక్ష పోదు.

బిడ్డ ఇంటికొచ్చి బూట్లు మగ్గాల కొట్టంలో అటక మీదికి విసిరేసింది. ఆడితే ఏమవుతుందోనని ఇన్నాళ్ళూ నేను వణికాను. ఇప్పుడు ఆడకపోతే ఏమవుతుందోనని వణకడం మొదలుపెట్టాను. దోసె ఒకటి తిని చాలనేది. ఒకటే తిన్న మనిషి రేపు సగమే తింటుంది, ఎల్లుండి ఏమీ తినదు, ఆ తరవాత సెలైన్ బాటిలే అని నా మనసు లెక్కలు వేసేది.

“సొక్కా లాగింది నిజమేమ్మా. లేదనలేదు. దానికి ఎర్ర కార్డా?” అని ఒక్కసారే అంది. తరవాత ఆ మాట ఎత్తలేదు.

అప్పుడు మా తమ్ముడు రంగంలోకి దిగాడు. హాల్లో ఫ్యాను ఆపేసి, కిటికీ మూసేసి, బిడ్డను స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఫ్యాను ఏంటికి ఆపితివిరా అంటే, నిజం చెమటతోనే బయటికొస్తాదన్నాడు.

“నేరం జరిగిన వేళకు నువ్వు ఎక్కడుంటివి?”

“మైదానంలో, మామా. నువ్వే చూస్తివి గదా.”

“నేను చూసింది సాక్ష్యం గాదు. రెఫరీకి నీ మీద పాత పగ ఏమన్నా ఉండాదా?”

“ఆయన్ని ఆ దినమే చూస్తిని, మామా.”

“అదే పాయింటు. ముందెప్పుడూ చూడని బిడ్డ మీద అంత కోపమేంటికి? వెనక ఇంకెవురో ఉండారు.”

ఆ వెనక ఉన్నవాళ్ళు ఎవరో కూడా వాడే తేల్చేశాడు. అంతర్జాతీయ పందెం ముఠా. ఐర్లండులో దారం కొస, విరుదునగర్‌లో ముడి, మధ్యలో మన కార్తీశ్వరి ఈగ. దీనికి ఆధారం, మ్యాచ్ అయ్యాక విరుదునగర్ మనిషి ఒకడు సారుకు ఒక ఆకు పొట్లం అందించడం తాను కళ్ళారా చూశానన్నాడు. ఆ పొట్లంలో పరోటాలే కదరా, వాసన నాకూ వచ్చిందన్నాను. పరోటా మడతల్లో ఏముందో నువ్వు విప్పి చూశావా అన్నాడు. చూడలేదు. దాంతో నాకూ భయం పట్టుకుంది.

మరుసటి రోజు వాడు మారువేషంలో విరుదునగర్ పోయాడు. ఏం వేషమంటే, సీసీ కెమెరా బిగించేవాడి వేషం. నువ్వు నిజంగా అదే కదరా అన్నాను. అందుకేనక్కా, ఎవురికీ అనుమానం రాదు అన్నాడు. సారు ఇంటి ఎదుట నిచ్చెన వేసుకుని నిలబడితే, పక్కింటివాళ్ళు పిలిచి తమ కెమెరా బాగుచేయమన్నారట. వేషం చెదరకూడదని బాగుచేసి, కాఫీ తాగి, నిచ్చెన మీదనుంచి ఫోటో ఒకటి తీసుకుని వచ్చాడు. ఫోన్ నా మొహం ముందు పెట్టాడు. సారు ఇంటి పెరట్లో దండెం మీద ఆ రోజు వేసుకున్న తెల్ల చొక్కా ఆరుతోంది. ఎడమవైపు జేబంతా ఎర్రటి మరక.

“చూడక్కా. గుండె. గుండె మీద జేబు. జేబు మీద నెత్తురు.”

“అయ్యో, ఆయప్పకేమైందిరా?”

“అదే గదా ప్రశ్న. మనిషి నడస్తాండాడు, పేపరు చదవతాండాడు. గుండెలో కత్తి దిగినోడు పేపరు చదవడు. అంటే ఇది ఆయన నెత్తురు గాదు.”

“మరి ఎవురిది?”

“ఆ ఒక్కటీ తెలిస్తే కేసు ముగిసినట్టే. ఆయన పెండ్లాము నిమ్మకాయతో దాన్ని రుద్దతాండాది. సాక్ష్యాన్ని మాయం చేస్తాండారు.”

ఆ సాయంత్రం నేను ప్రాక్టీసుకు పోయి మా జట్టు పిల్లలందరూ ప్రాణాలతో ఉన్నారో లేదో చూసుకుని వచ్చాను. బెంచి మీద కూర్చునేవాళ్ళను కూడా వదల్లేదు. అందరూ ఉన్నారు. అయినా విరుదునగర్ జట్టు సంగతి ఎవరు చూశారు?

ఆదివారం పొద్దున్నే మేమిద్దరం బస్సెక్కాం. జట్టు వ్యానులో తరవాత వస్తుంది. ఆడకపోయినా కార్తీశ్వరి నీళ్ళ క్యాను మోయడానికి వస్తానంది. వాణ్ణి ఒంటరిగా పంపితే తన్నులు తింటాడని ఒక భయం. నేను కూడా పోతే ఇద్దరం తింటామని ఇంకో భయం. కానీ సారు కాళ్ళు పట్టుకునైనా బిడ్డ కోసం అడగాలని బయల్దేరాను. మా తమ్ముడు ఉతికి గంజి పెట్టిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. నేరస్థుణ్ణి పట్టుకునేటప్పుడు పేపరువాళ్ళు ఫోటో తీస్తారట.

సారు ఇంట్లో తలుపు తీసింది ఆయన భార్య మీనాక్షియమ్మాళ్. మా తమ్ముడు అరవంలో, మీ వీధి భద్రత గురించి సర్వే చేస్తున్నామని మొదలుపెట్టాడు. నేను వాడి చెవిలో మన తెలుగులో, చెప్పులు బయట విడిచి రారా అన్నాను. అది విని ఆమె మొహం విప్పారింది.

“మీరూ మనోళ్ళేనా? రాండి, రాండి. యా ఊరు మీది?”

ఇక సర్వే లేదు, గిర్వే లేదు. మజ్జిగ వచ్చింది, మురుకులు వచ్చాయి. ఏ ఊరు, ఎవరి తాలూకు, ఎన్ని మగ్గాలు అన్నీ అయ్యాయి. సారు మాత్రం వసారాలో పడక కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పేపరు తలకిందులుగా లేదు గానీ, మేము ఉన్నంతసేపూ పేజీ తిప్పలేదు.

మీనాక్షియమ్మాళ్ గొంతు తగ్గించి చెప్పింది. పోయిన ఆదివారం మ్యాచునుంచి వచ్చింది మొదలు మనిషి సరిగ్గా మాట్లాడటం లేదట. అన్నం కెలికి లేస్తున్నాడట. అడిగితే ఏమీ లేదంటాడట. ఆ సంచి కూడా విప్పలేదట, జేబురుమాలు మూట అందులోంచి జారి బల్ల మీద పడితే దాన్ని చూసి మొహం తిప్పుకున్నాడట. మా తమ్ముడు నా కాలు తొక్కాడు. పాప భారం అని దానర్థం.

నేను లేచి సారు ముందుకు పోయి నిలబడ్డాను. నేను ఆ రోజు ఎర్ర కార్డు పడిన పిల్ల తల్లినన్నాను. బిడ్డ అన్నం తినడం లేదన్నాను. సొక్కా లాగింది తప్పే, కానీ ఈ రోజు ఆడకపోతే దానికి ఇంకో రోజు లేదన్నాను. ఆయన పేపరు దించాడు. కళ్ళు చూస్తే నాలుగు రాత్రులు నిద్రలేనివాడి కళ్ళలా ఉన్నాయి. ఏదో చెప్పబోయినట్టే అనిపించింది. అంతలో మా తమ్ముడు వెనకనుంచి, “నెత్తురు ఎవురిది?” అని అడిగేశాడు.

ఆయన వాడివైపు చూసి, నావైపు చూసి, అరవంలో ఒక్కటే మాట అన్నాడు. మైదానం సంగతి మైదానంలోనే అని. లేచి స్నానానికి వెళ్ళిపోయాడు.

బయటికి వచ్చి వీధి మలుపు తిరిగాక మా తమ్ముడు తన జేబు తట్టి చూపించాడు. లోపల ఆ జేబురుమాలు మూట ఉంది. కార్డుల మీద ముఠా వేలిముద్రలు ఉంటాయట, చెదరకూడదని మూట విప్పకుండా అలాగే పెట్టుకున్నాడట.

“దొంగతనం చేస్తివేమిరా?”

“దొంగతనం గాదక్కా. సేకరణ.”

నాకు చెమట్లు పట్టాయి. పక్షుల్ని పట్టినట్టు ఇద్దరినీ పట్టి విరుదునగర్ స్టేషన్లో కూర్చోబెట్టినట్టు, మా ఇంటాయన జామీను కోసం మగ్గాలు అమ్మినట్టు కనబడింది. తిరిగి ఇచ్చేసి రారా అని బతిమాలాను. వాడు వినడే. మైదానంలో, చెన్నైవాళ్ళ ముందు, అందరి ఎదుటా గుట్టు విప్పుతానన్నాడు. ఎండలో నడిపించుకుపోయాడు. విరుదునగర్ ఎండకు తారు రోడ్డే చెమట పడుతుంది, వాడి సంగతి చెప్పాలా. చొక్కా వీపుకు, ఛాతీకి తడిసి అతుక్కుపోయింది.

మైదానంలో అప్పటికే రెండు జట్లూ దిగి పరుగులు పెడుతున్నాయి. చెన్నైనుంచి వచ్చిన ఇద్దరు పందిరి కింద కూర్చుని కొబ్బరిబొండాల ఇళనీరు తాగుతున్నారు. తెల్లకోట్ల వాళ్ళు జెండాలు దులుపుతున్నారు. కార్తీశ్వరి చుడీదారు వేసుకుని, నీళ్ళ క్యాను పక్కన నిలబడి, ఆడేవాళ్ళ కాళ్ళనే చూస్తోంది. నేను పోయి దాని తల మీద చెయ్యి వేశాను.

మా తమ్ముడు బకెట్ ఒకటి బోర్లించి దాని మీద ఎక్కాడు.

“అందరూ ఆగండి. ఎవురూ మైదానం వదిలి పోగూడదు. నేరస్థుడు మన మధ్యనే ఉండాడు.”

నిజంగానే అందరూ ఆగారు. వాడికి ఇలాంటి నిశ్శబ్దం జీవితంలో దొరకలేదు. ఐర్లండునుంచి మొదలుపెట్టాడు. సముద్రాలు దాటించాడు. తూత్తుకుడి రేవులో దింపాడు. పరోటా మడతల్లో దాచి విరుదునగర్ చేర్చాడు. పందిరిలోని పెద్దమనిషి ఒకాయన, ఇది ప్రారంభోత్సవమా అని పక్కాయనను అడిగాడు. మా తమ్ముడు గొంతు పెంచి, “దీనికంతటికీ సాక్ష్యం నా గుండెల మీద ఉండాది” అంటూ చెయ్యి ఛాతీకి కొట్టుకున్నాడు.

చెయ్యి తీసి చూసుకున్నాడు. అరచెయ్యి ఎర్రగా ఉంది.

కిందికి చూసుకున్నాడు. జేబు ఎర్రగా ఉంది. జేబులోంచి ఎరుపు, గంజి పెట్టిన చొక్కా మీదుగా బొత్తాల దాకా పాకుతోంది. వాడి మొహంలో రంగంతా దిగి చొక్కాలోకి పోయినట్టుంది.

“అక్కా, కాల్చేసినారు,” అన్నాడు నెమ్మదిగా. “సత్తం రాలేదు. సైలెన్సరు.”

అలాగే వెనక్కి వాలి బకెట్ మీదనుంచి పడిపోయాడు.

నేను పెట్టిన కేకకు పందిరిలో ఇళనీరు ఒలికింది. వాడి పెళ్ళాం బిడ్డల మొహాలు, రేపటి పేపర్లో మా ఇంటిపేరు అన్నీ ఒకేసారి కనబడ్డాయి. పాండియమ్మాళ్ పరుగెత్తుకొచ్చి నాడి చూసింది. చొక్కా బొత్తాలు తెంపి ఛాతీ అంతా తడిమింది. గీత కూడా లేదు. జేబులో చెయ్యి పెట్టి తడిసి ముద్దైన జేబురుమాలు మూట బయటికి లాగి విప్పింది. రెండు కార్డులు.

రెండూ ఎర్రవే.

నేను వంగి చూశాను. అంచుల వెంట చిల్లులున్న మా మగ్గం అట్టలే. ఎక్కడా నెత్తురు వాసన లేదు. అద్దకం గిన్నె వాసన. ఒక కార్డు పూర్తి ఎరుపు, ఇంకొకటి కాస్త కమలాపండు ఎరుపు. ఆ రెండో దాన్ని గోటితో గీకితే మూల మీద కొంచెం పసుపు కనబడింది.

నేత ఇంట్లో పుట్టినవాడెవడైనా నూలుకు రంగు వేస్తే ఉప్పేసి కాస్తాడు, కాచి నీళ్ళు తేరేదాకా జాడిస్తాడు. లేకపోతే చెమట తగిలినా చాలు, రంగు దిగి పక్కదాన్ని కూడా తనలో కలుపుకుంటుంది. అట్టను ఎవరు కాస్తారు?

“రేయ్, ఈ అట్టలకు రంగేసినాక ఉప్పులో కాస్తివా?”

మా తమ్ముడు ఒక కన్ను తెరిచాడు. “అట్ట కాస్తే నానిపోతాది గదక్కా,” అన్నాడు. రెండో కన్ను కూడా తెరిచి, చొక్కా చూసుకుని, ఛాతీ తడుముకుని, “నేను బతికుండానా?” అన్నాడు. అప్పుడు లేచి కూర్చుని, నల్ల కళ్ళద్దాలు వెతికి పెట్టుకుని, “నేను అనుకున్నట్టే జరిగింది” అన్నాడు.

అంతలో మోపెడ్ వచ్చి ఆగింది. కార్డుల మూట కనబడక ఇల్లంతా వెతికి వస్తున్నాడు జెయకుమార్ సారు. గుంపును తోసుకుంటూ వచ్చి, పాండియమ్మాళ్ చేతిలో ఉన్నవి చూసి ఆగిపోయాడు. మెల్లగా వాటిని తీసుకున్నాడు. ఒకదాన్ని తిప్పి చూశాడు. ఇంకొకదాన్ని తిప్పి చూశాడు. మళ్ళీ మొదటిదాన్ని చూశాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎండలోకి ఎత్తాడు. వేళ్ళకు రంగు అంటుకుంది. ఆ వేళ్ళను చూసుకున్నాడు, నాకు ఆయన ఇంటి దండెం మీది చొక్కా గుర్తొచ్చింది, ఆయనకూ అదే గుర్తొచ్చి ఉంటుంది.

నేను ముందుకు పోయాను. దొంగతనం కేసు పెడతాడేమోనని, చెన్నైవాళ్ళు వెళ్ళిపోతారేమోనని, ఇన్ని భయాల మధ్య నోట్లోంచి వచ్చింది ఒక్క మాటే.

“సారూ, ఆ దినం మీరు జేబులోంచి ఏ కార్డు తీయాలని తీస్తిరి?”

మైదానం అంతా ఆగింది. ఇసక్కిసెల్వి బంతిని చంకలో ఇరికించుకుని దగ్గరికి వచ్చి నిలబడింది. తెల్లకోట్ల వాళ్ళు జెండాలు కిందికి దించారు. మా తమ్ముడు ఏదో వివరించబోయి నోరు తెరిస్తే పాండియమ్మాళ్ వాడి నోటికి తడి జేబురుమాలు అడ్డం పెట్టింది. పందిరిలో పెద్దమనుషులు కుర్చీల్లోంచి లేచారు. ఇన్నేళ్ళలో ఒక్క తీర్పూ వెనక్కి తీసుకోని మనిషి, చేతిలో రెండు ఎర్ర అట్టలు పట్టుకుని, ఎండలో అలాగే నిలబడ్డాడు. మీసం ఒకసారి తుడుచుకున్నాడు, అక్కడా ఎరుపు అంటింది. ఎవరూ నవ్వలేదు. ఇక చెప్పడు, మోపెడ్ ఎక్కి పోతాడు, బిడ్డ ఈ రోజూ నీళ్ళే మోస్తుందని నాకు ఖాయమైపోయింది.

ఆయన నీళ్ళ క్యాను పక్కన నిలబడిన మా కార్తీశ్వరివైపు తిరిగాడు. ఈసారి కళ్ళలోకి సూటిగా చూడలేకపోయాడు. పొద్దున్నుంచీ అరవమే మాట్లాడిన మనిషి ఇంటి మాటలో, తెలుగులో అన్నాడు.

“పసుపుదేనమ్మా. పది నిమిషాలు బయట నిలబెట్టాల్సిన బిడ్డను వారమంతా నిలబెడితిని.”